కార్డు మీది మాట : గ్రావిడా

ఈ పాఠం చదవడానికి ముందు ఒక పని చేయండి. మీ ఇంట్లో గాని, చుట్టుపక్కల గాని గర్భిణి ఉంటే, ఆమెకు అభ్యంతరం లేకపోతే ఆమె ఆసుపత్రి కార్డును ఒకసారి అడిగి చూడండి. పేరు, వయసు, రక్తం గ్రూపు, బరువు, చివరిసారి నెలసరి వచ్చిన తేదీ - ఇవన్నీ మీరు సులభంగానే పోల్చుకోగలరు. వాటి మధ్య ఎక్కడో డాక్టరుగారు గాని నర్సమ్మ గాని గబగబా గీసిన కొన్ని అక్షరాలూ అంకెలూ ఉంటాయి. 'జి2 పి1 ఎల్1' అన్నట్టుగా. చాలామంది ఇదేదో మందు పేరనుకుంటారు. వార్డు నెంబరు అనుకునేవారూ ఉన్నారు. అది ఆ తల్లి కథ. ఆమె ఎన్నిసార్లు కడుపుతో ఉంది, ఎన్నిసార్లు కన్నది, ఎంతమంది పిల్లలు బతికి ఉన్నారు అనే సంగతి మూడు అక్షరాల్లో రాశారు.

ఇందులో మొదటి అక్షరం 'జి'. అది ఇంగ్లీషు వైద్యులు వాడే 'గ్రావిడా' అనే మాటకు పొడి అక్షరం. ఈ పాఠంలో మనం ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో, దాని అర్థం ఏమిటో, అది తెలియకపోతే ఏం పొరపాటు జరగవచ్చో తెలుసుకుందాం.

తోర్వాలో ఒక సంభాషణ

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో బిలాస్‌పూర్ పెద్ద రైల్వే పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంనుంచీ అక్కడ రైలు పని ఉంది. 1931లో రాయపూర్ నుంచి పార్వతీపురం మీదుగా విజయనగరం వరకు దారి పూర్తి అయింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల మనవాళ్లు రైల్వే కొలువులకోసం ఆ వైపు వెళ్లి స్థిరపడ్డారు. 2003 నుంచి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రం కూడా. ఆ పట్టణంలో అర్పా నది ఒడ్డున ఉన్న పేట తోర్వా. అక్కడ తెలుగు ఇంట్లో పుట్టిన పిల్ల ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది. వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడుతుంది. ఆసుపత్రిలో ఆమె కార్డు మీద ఇంగ్లీషు రాస్తారు. ఒకే కడుపు గురించి నాలుగు భాషలు.

ఇప్పుడు ఇలా ఊహించుకోండి. తోర్వాలోని ఒక తెలుగు కోడలు అత్తగారితో కలిసి ఆసుపత్రికి వెళ్లింది. నర్సు కార్డు ముందు పెట్టుకుని హిందీలో అడిగింది :

"కౌన్‌సా బచ్చా హై?"

కోడలు నోరు తెరిచేలోగా అత్తగారు జవాబు చెప్పింది :

"దూస్‌రా."

నర్సు 'జి2 పి1 ఎల్1' అని రాసేసింది. బయటికి వచ్చాక కోడలు మెల్లిగా, "అత్తా, మరి నిరుడు మూడో నెలలో పోయింది..." అంది. "అదెందుకే ఇప్పుడు, మంచి జరుగుతున్నప్పుడు! నిలవనిదాన్ని లెక్కలోకి తెస్తారా?" అంది అత్త.

ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. నర్సు అడిగింది బిడ్డ గురించి. పుట్టబోయేది నిజంగా రెండో బిడ్డే. అత్తగారు కోడలి మంచికోరి, దిష్టికి భయపడి చెప్పింది. అయినా కార్డు మీద తప్పు పడింది. ఎందుకంటే 'జి' అనే అక్షరం బిడ్డలను లెక్కపెట్టదు. మరి దేన్ని లెక్కపెడుతుంది? దానికోసం మనం ఆ మాట అర్థంలోకి వెళ్లాలి.

బరువు మోసేది

గ్రావిడా అనేది లాటిన్ మాట. పూర్వం రోమ్ నగరంలో మాట్లాడిన భాష లాటిన్. ఐరోపా వైద్యులు చాలా కాలం తమ శాస్త్రాన్ని ఆ భాషలోనే రాసుకున్నారు. అందుకే డాక్టర్ల మాటల్లో ఈనాటికీ లాటిన్ ఎక్కువ. ఆ భాషలో 'గ్రావిస్' అంటే బరువైన అని అర్థం. 'గ్రావిడా' అంటే బరువు మోస్తున్న స్త్రీ. డెన్మార్క్, నార్వే, స్వీడన్ దేశాల్లో గర్భిణిని ఇప్పటికీ మామూలు మాటల్లో 'గ్రావిడ్' అనే అంటారు. పోర్చుగీసు వాళ్లు 'గ్రావిదా' అంటారు. ఇంగ్లీషులో మాత్రం అది ఇంటి మాట కాలేదు, ఆసుపత్రి మాటగా మిగిలింది.

గ్రావిస్ నుంచి ఇంగ్లీషుకు వచ్చిన ఇంకో మాట మీకు తెలిసే ఉంటుంది. సైన్సు పుస్తకంలో చెట్టునుంచి పండు నేలమీద ఎందుకు పడుతుందో చెప్పేటప్పుడు 'గ్రావిటీ' అంటారు. దాన్ని తెలుగులో ఏమంటారు? గురుత్వాకర్షణ. ఆ మాటను విడదీసి చూడండి. గురుత్వం, ఆకర్షణ. గురుత్వం అంటే బరువుతనం.

'గురు' అంటే బరువా, పంతులుగారు కదా అని మీరు అనవచ్చు. ఛందస్సు పాఠంలో చదివినది గుర్తు తెచ్చుకోండి. లఘువు అంటే తేలిక అక్షరం, గురువు అంటే బరువైన అక్షరం. సంస్కృతంలో గురు అనే మాటకు మొదటి అర్థం బరువు. చదువు చెప్పేవాడు పెద్దరికంలో బరువైనవాడు కాబట్టి ఆయన గురువు అయ్యాడు. గురు నుంచి పుట్టిందే గౌరవం. ఎవరినైనా గౌరవించడం అంటే వాళ్ల మాటకు బరువు ఇవ్వడమే.

ఇప్పుడు అసలు సంగతి. లాటిన్‌లోని గ్రావిస్, సంస్కృతంలోని గురు - ఈ రెండూ తోబుట్టువులు. ఒకటి ఇంకొకదానినుంచి అరువు తెచ్చుకున్నది కాదు. కొన్ని వేల ఏళ్ల కిందటి ఒకే మూలభాషనుంచి రెండూ చీలి వచ్చాయి. మూడో తోబుట్టువు గ్రీకు భాషలోని 'బరుస్'. దానికీ బరువనే అర్థం. గాలి ఒత్తిడిని కొలిచే బారోమీటరు పేరులో ఉన్నది అదే.

'గ' ఎక్కడ, 'బ' ఎక్కడ అనే సందేహం రావడం సహజం. మూలభాషలో ఆ మాట మొదట పెదవులు గుండ్రంగా చుట్టి పలికే 'గ్వ' లాంటి ధ్వని ఉండేదని భాషావేత్తలు తేల్చారు. సంస్కృతంలో అందులోని 'గ' మిగిలింది, గ్రీకులో పెదవుల పని మిగిలి 'బ' అయింది. ఇది ఒక్క మాటకు తగిలిన వింత కాదు. మనం గోవు అంటాం, గ్రీకులో 'బౌస్' అంటారు. మళ్లీ అదే గ, అదే బ. ఇలా వరస తప్పకుండా కనబడితేనే మాటల చుట్టరికాన్ని నమ్మాలి. ఊరికే ధ్వని కలిసిందని నమ్మకూడదు. ఉదాహరణకు ఇంగ్లీషులో 'గ్రేవ్' అంటే గంభీరమైన అని ఒక అర్థం, సమాధి అని ఇంకొక అర్థం ఉన్నాయి. మొదటిది గ్రావిస్‌కు చెందినదే. రెండోది వేరే మాట. తవ్వడానికి సంబంధించిన పాత ఇంగ్లీషు మాటనుంచి వచ్చింది. కార్డు మీద గ్రావిడా అని ఉంటే దానికీ సమాధికీ ఏ సంబంధమూ లేదు. శకునం పట్టించుకునే ఇళ్లలో ఈ మాట ముందే చెప్పడం మంచిది.

లాటిన్, గ్రీకు, సంస్కృత భాషలకు ఒకే మూలం ఉండాలని కలకత్తాలో సర్ విలియం జోన్స్ 1786లో ఒక ఉపన్యాసంలో చెప్పాడు. అప్పటినుంచే ఈ పరిశీలన ఊపందుకుంది.

మన గుర్విణి

గురు అంటే బరువు కదా. బరువు మోస్తున్న స్త్రీని సంస్కృతంలో ఏమనాలి? గుర్విణి. ఈ మాట నిఘంటువుల్లో ఉంది. అమరకోశంలో గర్భిణికి నాలుగు పేర్లు ఒకేచోట ఇచ్చారు. ఆపన్నసత్త్వ, గుర్విణి, అంతర్వత్ని, గర్భిణి. ఆపన్నసత్త్వ అంటే ఒక ప్రాణి వచ్చి చేరినది. అంతర్వత్ని అంటే లోపల ఒకరు ఉన్నది. నాలుగూ ముచ్చటైన మాటలే గాని మన నోట మిగిలింది గర్భిణి ఒక్కటే. మిగతా మూడూ పుస్తకాల్లో ఉండిపోయాయి.

అంటే కార్డు మీద డాక్టరు గ్రావిడా అని రాసినప్పుడు, మన గుర్విణి అనే మాటనే లాటిన్‌లో రాస్తున్నట్టు లెక్క. వేరు ఒక్కటే, అర్థం ఒక్కటే.

తోర్వా వీధిలో వినబడే మాటను కూడా చూద్దాం. హిందీలో ఒకామె గర్భవతి అని నేరుగా అనకుండా 'పావ్ భారీ' అంటారు. పాదాలు బరువెక్కాయి అని. ఇక్కడా బరువే. ఈ భారీ అనే మాట మన భారం అన్న మాటకు చుట్టం. దాని వెనక ఉన్నది మోయడం అనే అర్థం గల సంస్కృత ధాతువు 'భృ'. ఇంగ్లీషులో మోయడాన్నీ, బిడ్డను కనడాన్నీ కూడా 'బేర్' అంటారు. పుట్టుకను 'బర్త్' అంటారు. ఈ మాటలూ భృ అనే ధాతువుకు తోబుట్టువులే. ఛత్తీస్‌గఢీలో బరువైనదాన్ని 'గరూ' అంటారు. అది గురు అన్న మాట వాడుకలో అరిగిన రూపం. చూడండి, పొరుగింటి ఛత్తీస్‌గఢీ ముసలమ్మా, రోమ్ నగరపు వైద్యుడూ ఒకే మాట పలుకుతున్నారు. ఆ పొరుగమ్మే ఏడో నెలలో తన కూతురికి 'సధౌరీ' అని ఇష్టమైన వంటలు వండి పెడుతుంది. మన ఇంట్లో సీమంతానికి పెట్టినట్టే.

మరి తెలుగులో? మనవాళ్లూ ఈ విషయాన్ని చాటుగానే చెబుతారు. నెల తప్పింది అంటారు. నీళ్లోసుకుంది అంటారు. ఒట్టి మనిషి కాదు అంటారు. ఈ చివరిది గమనించండి. ఒట్టి అంటే ఖాళీ, అంటే తేలిక. బరువు అనే మాట పలకకుండానే బరువు చెప్పారు. ఇలా చాటు చేయడం మన దేశపు పద్ధతేనని అనుకోవద్దు. 1952లో అమెరికాలో ఒక పేరున్న టెలివిజన్ నాటకంలో కథానాయిక గర్భిణి. కాని 'ప్రెగ్నెంట్' అనే మాట పలకడానికి వాళ్లకు అనుమతి దొరకలేదు. 'ఎదురుచూస్తోంది' అని సరిపెట్టుకున్నారు.

ఆ ప్రెగ్నెంట్ అనే మాటనూ ఇక్కడే చూసి ముందుకు పోదాం. అదీ లాటిన్‌నుంచి వచ్చిందే. 'ప్రే' అంటే ముందు, 'గ్నా' అంటే పుట్టు. పుట్టుకకు ముందు దశలో ఉన్నది అని భావం. ఈ గ్నా అనేది సంస్కృతంలోని 'జన్' అనే ధాతువుకు తోబుట్టువు. జననం, జనని, జన్మ అన్నీ ఆ జన్ పిల్లలే. ఇంగ్లీషులో 'జీన్' అనేదాన్ని మన శాస్త్రవేత్తలు తెలుగులో జన్యువు అన్నారు. అది కూడా ఆ కుటుంబంలోనిదే.

చూలు వేరు, కాన్పు వేరు

ఇంతవరకు చెప్పినవి సంస్కృతం, లాటిన్ చుట్టరికాలు. తెలుగు సొంతమాట ఒకటి ఉంది. చూలు. గర్భిణిని చూలాలు అంటాం. ఇది ద్రావిడ కుటుంబపు మాట. తమిళంలో 'సూల్' అన్నా ఇదే అర్థం. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతంనుంచి పుట్టినవి కావనీ, వాటిది వేరే కుటుంబమనీ మద్రాసులో ఫ్రాన్సిస్ ఎల్లిస్ అనే అధికారి 1816లో చూపించాడు. ఆ సంగతి అచ్చయింది ఎక్కడో తెలుసా? కాంబెల్ అనే ఆయన రాసిన తెలుగు వ్యాకరణ గ్రంథపు ముందుమాటలో. కాబట్టి చూలు అనే మాట గ్రావిడాకు చుట్టం కాదు. కాని పనికి మాత్రం సరిగ్గా సరిపోతుంది. ఎలాగో చూడండి.

తెలుగులో రెండు లెక్కలు ఉన్నాయి. తొలిచూలు, మలిచూలు అనేది ఒక లెక్క. తొలికాన్పు, మలికాన్పు అనేది ఇంకొక లెక్క. వాడుకలో ఈ రెంటినీ ఒకదానికి బదులు ఒకటి వాడేస్తున్నాం. విడిగా చూస్తే చూలు అంటే కడుపు పండడం. కాన్పు అంటే కనడం. కడుపు పండిన ప్రతిసారీ కాన్పు దాకా రాకపోవచ్చు. పశువుల సంతలో బేరగాడు "ఎన్నో ఈత?" అని అడుగుతాడు. అతనికి ఎన్నిసార్లు ఈనిందో కావాలి, ఎన్నిసార్లు చూడి నిలవలేదో అతను అడగడు. ఆసుపత్రిలో మనిషిని గురించి అడిగేటప్పుడు ఆ ఒక్క లెక్క చాలదు.

డాక్టర్ల 'జి', అంటే గ్రావిడా, చూళ్ల లెక్క. ఇప్పుడున్న గర్భంతో కలిపి, ఆమె మొత్తం ఎన్నిసార్లు ఆ బరువు మోసింది అనేది. మూడో నెలలో పోయినా సరే, ఆమె మోసింది కాబట్టి లెక్కలోకి వస్తుంది.

'పి' అంటే పేరా. కనడం అనే అర్థంగల లాటిన్ మాటనుంచి వచ్చింది. తల్లిదండ్రులను ఇంగ్లీషులో 'పేరెంట్స్' అనడం కూడా దీనినుంచే. ఇది కాన్పుల లెక్క. బిడ్డ బయట బతకగలిగే దశ దాటిన తరవాత అయిన కాన్పులనే ఇందులో చేరుస్తారు. ఆ దశ ఎన్ని వారాలకు వస్తుందనే విషయంలో దేశానికి ఒక పద్ధతి ఉంది. మన దేశపు వైద్య పుస్తకాలు చాలాకాలం 28 వారాలు అన్నాయి. బ్రిటన్‌లో 24, అమెరికాలో 20. బిడ్డ చనిపోయి పుట్టినా ఆ దశ దాటి ఉంటే అది కాన్పే. ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటి ఉంది. కవలలు పుడితే కాన్పు ఒకటా, రెండా? ఒకటే. తల్లి కన్నది ఒకసారి. బిడ్డలు ఇద్దరైనా పేరా ఒకటి.

'ఎల్' అంటే ఇప్పుడు బతికి ఉన్న పిల్లల సంఖ్య. కవలలు ఇక్కడ రెండుగా లెక్కకు వస్తారు. మిగిలింది 'ఎ'. దానిగురించి కొంచెం విడిగా చెప్పాలి.

'ఎ' అనే అక్షరం

ఎ అంటే అబార్షన్. మన వాడుకలో అబార్షన్ అంటే కావాలని తీయించుకోవడం. ఎవరైనా కాస్త చదువుకున్నవారు కార్డు చూసి "అబార్షన్ ఒకటి అని ఉందేమిటి, మాకు చెప్పకుండా ఏం చేశావు?" అని ఇంట్లో గొడవ పెట్టుకునే ప్రమాదం ఉంది. ఏ పాపమూ ఎరగని ఆడమనిషి నింద మోయవలసి వస్తుంది.

లాటిన్‌లో 'ఒరిరి' అంటే ఉదయించడం. తూర్పు దిక్కును 'ఓరియంట్' అనడం దానినుంచి వచ్చిందే. దానిముందు 'అబ్' చేరితే ఉదయించకుండా పోవడం, అణగిపోవడం. తనంతట తాను పోయిందా, తీయించారా అనేది ఆ మాటలో లేదు. డాక్టర్ల భాషలో కూడా రెంటికీ అదే మాట. బిడ్డ పోయిన తల్లి ఆ మాట వింటే బాధపడుతుందనీ, తనంతట పోయినదానిని 'మిస్‌కారేజ్' అనాలనీ బ్రిటన్ వైద్యులు కొందరు 1985లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ఆ దేశంలో మాట మారింది. మన కార్డుల మీద 'ఎ' అలాగే ఉంది. తెలుగులో మనకు గర్భస్రావం, గర్భవిచ్ఛిత్తి అని వేరువేరు మాటలు ఉన్నాయి. స్రావం అంటే కారిపోవడం, విచ్ఛిత్తి అంటే తెంచడం. కడుపు నిలవలేదు అనే ఇంటి మాట ఇంకా మెత్తగా ఉంది. ఈ ఒక్క చోట తెలుగు ఇంగ్లీషుకంటే న్యాయంగా మాట్లాడుతోందని చెప్పవచ్చు.

తీయించుకున్నదైనా దాచవలసిన పని లేదు. 1971 చట్టం ప్రకారం, అది చెప్పిన షరతులలో, గర్భవిచ్ఛిత్తి మన దేశంలో చట్టబద్ధమే. 2021లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు ఆమె పేరూ వివరాలూ చట్టం అనుమతించినవారికి తప్ప ఇతరులకు వెల్లడించకూడదని కూడా చేర్చారు.

ఈ లెక్క తప్పితే ఏమవుతుంది?

మళ్లీ తోర్వా కోడలి దగ్గరికి వద్దాం. ఆమెకు మొదట కొడుకు పుట్టాడు, బతికి ఉన్నాడు. తరవాత మూడో నెలలో కడుపు పోయింది. ఇప్పుడు మళ్లీ గర్భం. కాబట్టి రాయవలసింది జి3 పి1 ఎ1 ఎల్1. కార్డు మీద ఉన్నది జి2 పి1 ఎల్1.

ఆమె రక్తం గ్రూపు బి నెగెటివ్ అనుకోండి, భర్తది పాజిటివ్. కడుపులో బిడ్డది పాజిటివ్ అయితే, ఆ రక్తం కొంచెం తల్లి రక్తంలో కలిసినప్పుడు తల్లి శరీరం దాన్ని పరాయిదిగా భావించి ఎదురు పదార్థాలను తయారుచేస్తుంది. ఆ కాన్పుకు సాధారణంగా ఏమీ కాదు. తరవాతి బిడ్డకు ప్రమాదం, ఎందుకంటే ఆ పదార్థాలు మాయ దాటి వెళ్లి బిడ్డ రక్తకణాలను దెబ్బతీస్తాయి. దీన్ని ఆపడానికి 'యాంటీ-డి' అనే సూది ఉంది. కాన్పు అయిన 72 గంటల్లోగా వేయాలి. గర్భస్రావం తరవాత కూడా డాక్టరు అవసరమనుకుంటే అంతే గడువులో వేస్తారు. గ్రూపు నెగెటివ్ అని తెలిస్తే రక్తపరీక్ష ఎలాగూ చేయిస్తారు. కాని "నిరుడు పోయినప్పుడు సూది వేయించుకున్నావా?" అనే ప్రశ్న అడగాలంటే నిరుడు పోయిందని డాక్టరుకు తెలియాలి కదా!

ఇంకొక సంగతి. మూడో నెలలో కాక నాలుగైదు నెలలు దాటాక నొప్పులు పెద్దగా రాకుండానే గర్భం పోయిన స్త్రీలు కొందరు ఉంటారు. గర్భాశయ ముఖద్వారం బలహీనంగా ఉండి, బరువు పెరిగేకొద్దీ అది ముందే తెరుచుకోవడం దానికి ఒక కారణం. ఆ చరిత్ర తెలిస్తే డాక్టరు ముందే పరీక్ష చేసి, అవసరమైతే అక్కడ ఒక కుట్టు వేస్తారు. నెలలు నిండాక ఆ కుట్టు తీసేస్తారు. చరిత్ర దాస్తే, ఆ కుట్టు పడవలసిన కాలం దాటిపోతుంది.

లెక్క రెండు చివరలా పనికి వస్తుంది. తొలిచూలు స్త్రీలలో రక్తపోటు పెరిగి కాళ్లు ముఖం వాచే జబ్బు ఎక్కువగా కనబడుతుంది. ఐదు, అంతకుమించి కాన్పులైన తల్లికి కాన్పు తరవాత రక్తస్రావం ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. అందుకే ఆమెకు పెద్దాసుపత్రిలో, రక్తం దొరికే చోట కాన్పు చేయించమంటారు. ఈ నిర్ణయాలన్నీ కార్డు మూలన ఉన్న ఆ అంకెలు చూసే తీసుకుంటారు.

ఆసుపత్రిలో 'ప్రైమీ' అనే మాట కూడా వింటారు. తొలిసారి గర్భిణి అయిన స్త్రీని 'ప్రైమిగ్రావిడా' అంటారు, దానికి పొట్టిపేరు ప్రైమీ. మన తొలిచూలాలు. మొదటి గర్భం పోయి రెండోసారి గర్భం నిలిచిన స్త్రీని ఇంట్లో "తొలికాన్పు" అంటారు, ఆసుపత్రిలో "ప్రైమీ కాదు" అంటారు. రెండూ నిజమే. ఇంట్లోవాళ్లు కాన్పు లెక్క చెబుతున్నారు, ఆసుపత్రివాళ్లు చూలు లెక్క చెబుతున్నారు.

కాబట్టి "ఎన్నో కాన్పు?" అని గాని, హిందీలో "కౌన్‌సా బచ్చా?" అని గాని అడిగినప్పుడు జవాబును అక్కడితో ఆపవద్దు. "ఇది రెండో కాన్పు, మూడో చూలు. మధ్యలో ఒకసారి మూడో నెలలో పోయింది" అని చెప్పండి. అడిగేవాళ్లు కూడా ప్రశ్న సరిగా అడగాలి. ఆ తప్పు తల్లి ఒక్కదానిదే కాదు. నలుగురి ముందు చెప్పడం ఇష్టం లేకపోతే నర్సుతో గాని డాక్టరుతో గాని విడిగా మాట్లాడాలని అడగవచ్చు. హిందీ ప్రాంతంలో "ముఝే అకేలే మే బాత్ కర్నీ హై" అంటే చాలు. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన పథకం కింద ప్రతి పేటకూ ఒక 'మితానిన్' ఉంది. మితానిన్ అంటే స్నేహితురాలు. మన దగ్గర ఆశా కార్యకర్త చేసే పనే ఆమెదీ. ఆసుపత్రిలో చెప్పలేని సంగతి ముందు ఆమెకు చెప్పి, ఆమెను వెంటబెట్టుకుని వెళ్లవచ్చు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూసే ఏర్పాటు 2016 నుంచి దేశమంతటా ఉంది. కార్డులో తప్పు దిద్దించుకోవడానికి అదీ మంచి రోజే.

కార్డు మీది లెక్క సరిగా ఉందో లేదో మీరే సరిచూసుకోవచ్చు. ప్రస్తుతం గర్భిణిగా ఉన్న స్త్రీ విషయంలో పి, ఎ అంకెలను కూడి ఒకటి కలపండి. అది జి అంకెకు సమానం కావాలి. ఆ కలిపిన ఒకటి ఇప్పుడు కడుపులో ఉన్నది. తోర్వా కోడలికి 1, 1, 1 కలిపితే 3. సరిపోయింది. అయితే అత్తగారు చెప్పించిన తప్పు లెక్కలో కూడా ఒకటీ ఒకటీ రెండు సరిపోతుంది. కూడిక సరిపోయినంత మాత్రాన ఎవరూ ఏదీ దాచలేదని చెప్పలేం. అది ఆ తల్లి నోటినుంచే రావాలి.

మీరు చేసి చూడండి

జవాబులు చూడకుండా మీ నోటు పుస్తకంలో రాయండి.

1. ఒకామెకు మొదట కవల ఆడపిల్లలు పుట్టారు, ఇద్దరూ బతికి ఉన్నారు. తరవాత మూడో నెలలో కడుపు పోయింది. ఆ తరవాత నెలలు నిండి మగపిల్లవాడు పుట్టి, నెల రోజులకు చనిపోయాడు. ఇప్పుడు ఆమె మళ్లీ గర్భిణి. కార్డు మీద ఏం రాయాలి?

2. ఒక కార్డు మీద 'జి2 పి0 ఎ1' అని ఉంది. దీన్ని లాటిన్ గాని, ఇంగ్లీషు గాని రాని మీ అమ్మమ్మకు తెలుగులో ఎలా చెబుతారు?

జవాబులు

1. జి4 పి2 ఎ1 ఎల్2. కవలల కాన్పు ఒకటి, మగపిల్లవాడి కాన్పు ఒకటి, కలిసి పేరా రెండు. పిల్లవాడు తరవాత చనిపోయినా కాన్పు లెక్కలోనుంచి పోదు, బతికి ఉన్నవారి లెక్కలోనుంచి మాత్రమే పోతాడు.

2. "అమ్మమ్మా, ఆమెకు ఇది రెండో చూలు. ఇంకా ఒక్క కాన్పూ కాలేదు. ఇంతకుముందు ఒకసారి కడుపు నిలవలేదు."